ప్లగ్గు పీకిన మిషను

మధురవాడ ఆఫీసులో గవర్రాజుకు కంప్యూటర్లలో కొత్తగా పెట్టిన ఆడిట్ ఏజెంటు ప్రోగ్రామంటే మహా చులకన. "బీమా ఏజెంటైతే టీ అయినా తాగిత్తాడు. ఇదేటి, ఏ మిషను ముందు ఎవడు కూకున్నాడో రాసుకునే సాడీకోరు!"

తెల్లారేలోగా అన్ని మిషన్లలోనూ అది నడవాలి. లేకపోతే అతని ఉద్యోగం నడవదు. విండోస్ మిషన్లలో కిటికీ తెరిచినంత తేలిగ్గా స్టార్ట్ నొక్కాడు. లైనక్స్ వాటిని ఒక్క లైను కొట్టి లైనులో పెట్టాడు. నడుస్తున్న ప్రతి మిషను పక్కనా తెర మీది జాబితాలో పచ్చచుక్క పడింది. ఇక వెనక గదిలోని పాత యునిక్స్ మిషను మిగిలింది. దసరా ఆయుధపూజకు సీరియల్ లైట్లు పెట్టడానికి దాని ప్లగ్గు పీకింది తనే. మళ్ళీ పెట్టనూ లేదు. అయినా 'అన్నీ స్టార్ట్ చేశాను' అని పైవాళ్ళకు మెయిలు పంపేసి, సబ్బవరంలో ఇంటి నుంచి పనిచేస్తున్న తోటి ఉద్యోగి వెంకటేష్‌కు ఫోన్ చేసి పాత మిషను సంగతి చెప్పాడు.

"సచ్చినదాన్ని ఎవడు సూత్తాడు బావా?" అని నవ్వాడు.

"సావడమేటి బావా? నాకిక్కడ పచ్చగా అవుపిస్తంది. దాని ముందు నువ్వే కూకున్నట్టుంది."

గవర్రాజు తెర వైపు చూశాడు. నిజమే. పాత మిషను పక్కన పచ్చచుక్క, దాని పక్కన తన పేరు.

వెనక గదిలో కీబోర్డు టకటకలాడింది. ఆఖరి మీటను తనలాగే గట్టిగా కొట్టారెవరో. తెర మీద తన మిషను పక్కనున్న చుక్క ఎర్రబడింది.

"బావా, నీ మాట ఇనబడ్డం లేదు," అన్నాడు వెంకటేష్.

గవర్రాజు అరిచాడు. ఆ అరుపు తనకే వినబడలేదు.

"ఆఁ, ఇప్పుడు ఇనబడతంది. ఏటన్నావ్?"

వెనక గదిలోంచి తన గొంతే నవ్వింది.

"సచ్చినోణ్ణి ఎవడు సూత్తాడు బావా?"