కాటయ్య చేసిన తప్పులు

కాటయ్య 'టోకెన్' అని చదివి, ఆ బటన్ మీద పెట్టిన వేలు తియ్యలేదు.

"తాతా, ఒక్కసారి ఒత్తి వదిలెయ్యాలె," అంది సింధు.

"వేలు జల్ది లేవకపోతేనో?" అన్నాడాయన.

సింధు నోట్‌బుక్‌లో రాసుకుంది.

అది నిజం మిషన్ కాదు. అట్టపెట్టె. దాని ముందు కాగితం మీద గీసిన తెర. వచ్చినవాళ్ళు కాగితం మీది బటన్ ఒత్తితే సింధు ఆ కాగితం లాగేసి తర్వాతది పెడుతుంది. వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ మార్పు చేసుకుంటుంది. ముసలివాళ్ళు ఆస్పత్రిలో క్యూ కట్టకుండా తమంతట తామే టోకెన్ తీసుకునే మిషన్ తయారు చెయ్యడం ఆమె ఉద్యోగం. మొదట మిర్యాలగూడలో పెడతారు. బాగుంటే కోదాడలో, సూర్యాపేటలో.

పరీక్ష మాత్రం సూర్యాపేటలోనే. మందుల దుకాణం పైన, మొదటి అంతస్తు గదిలో. వారం రోజులు. అరవై దాటిన వాళ్ళెవరైనా రావచ్చు.

గోడకు నాలుగు కాగితాలు అంటించి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక బొమ్మ, పేరు, వయసు, ఇబ్బందులు. 'కమలమ్మ, అరవై ఎనిమిది, చదువు తక్కువ, పెద్ద అక్షరాలు కావాలి.' అలాంటి మనుషులు నలుగురు. వాళ్ళను పర్సోనాలంటారు. వాళ్ళను మనసులో పెట్టుకునే సింధు ప్రతి తెరా గీసింది.

రెండో రోజు కూడా తలుపు తియ్యగానే కాటయ్యే వచ్చాడు. ఈసారి కుడి చెయ్యి వేలాడేసి, ఎడమ చేత్తో ఒత్తాడు. బటన్ కుడి అంచున ఉంది. ఒళ్ళంతా వంచి అందుకునేసరికి ఆలస్యమైంది. సింధు ఎనిమిది దాకా లెక్కపెట్టి మళ్ళీ మొదటి కాగితం పెట్టేసింది. నిజం మిషనైనా అంతే చేస్తుంది.

"చెయ్యికేమైంది తాతా?"

"పక్షవాతమొస్తే గిట్లనే ఉంటది గద బిడ్డా."

వెళ్ళేటప్పుడు ఆ కుడి చేత్తోనే తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. సింధు చూసింది.

మూడో రోజు కళ్ళు మూసుకుని కాగితమంతా తడిమాడు.

"దీనికి నోరు లేదా బిడ్డా?"

సింధుకు కోపం ఆగలేదు. "మొన్న నువ్వే టోకెన్ అని చదివినవ్. నిన్న చెయ్యి. ఇయ్యాల కండ్లు. నాతోని ఆటలా తాతా?"

"ఆటలు గాదు. ఒక ముచ్చట సెప్త..."

"ముచ్చట్లొద్దు. నువ్వెట్ల చేస్తవో అదే కావాలె నాకు. నటిస్తే నా పనంత ఖరాబైతది."

కాటయ్య కళ్ళు తెరిచి గోడకేసి చూశాడు. "వీళ్ళెవరు?"

"మేం ఊహించుకొని రాసుకున్నోళ్ళు."

"వీళ్ళ కోసమేనా ఈ మిషిని?"

"ఆఁ."

ఆయన తలూపి కిందికి దిగిపోయాడు. సింధు నోట్‌బుక్‌లో కాటయ్య పేరున్న మూడు పేజీలూ కొట్టేసింది. ఆయన్ని పైకి పంపొద్దని వాచ్‌మన్ డేవిడ్‌కు చెప్పింది.

నాలుగో రోజు కాటయ్య వచ్చి దుకాణం ముందు మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. డేవిడ్ పంపలేదు. కాటయ్య మళ్ళీ రాలేదు.

ఏప్రిల్‌లో మిర్యాలగూడలో మిషన్ పెట్టారు.

మొదటి రోజు పొద్దున్నే ఒక ముసలామె బటన్ మీద వేలు పెట్టి తియ్యలేదు. తెర రెండు పేజీలు దూకింది. పిల్లల డాక్టరుకు టోకెన్ వచ్చింది.

తర్వాత కుడి చెయ్యి పడిపోయిన ఒకాయన. ఎడమ చెయ్యి బటన్‌ను చేరేలోపు తెర మొదటికొచ్చింది. నాలుగుసార్లు ప్రయత్నించి బెంచీ మీద కూలబడ్డాడు.

ఆ వెనుక కళ్ళు కనబడని ఒకావిడ. గాజు పలకంతా తడిమింది. "దీనికి నోరు లేదామ్మా?" అంది.

పక్కనే నిలబడి చూస్తున్న సింధు నోట్‌బుక్‌లో తను కొట్టేసిన మూడు పేజీలు తీసింది.

మధ్యాహ్నానికి సిబ్బంది మిషన్ మీద దుప్పటి కప్పి పాత కౌంటర్ తెరిచారు.

మర్నాడు ఆమె సూర్యాపేటలో బస్సు దిగింది. డేవిడ్ కాటయ్య ఉండే వాడకట్టు చూపించాడు. ఒక అరుగు మీద ముసలామె కూర్చుని ఉంది. పేరు ఐలమ్మ. కళ్ళ మీద తెల్లటి పొర.

"అవ్వా, కాటయ్య తాత ఇల్లేది?"

"తాళమేసి ఉంటది. గొర్లను తోలుకొని మఠంపల్లి దిక్కు పోయిండు. గాడ కృష్ణ నీళ్ళుంటయ్ గద. వానలు పడ్డంక వస్తడు."

"ఆయన పానం ఎట్లుంది? చెయ్యి, కండ్లు..."

ఐలమ్మ నవ్వింది. "ఆయనకేంది, రాయోలె ఉంటడు. ఎన్నడు దవాఖాన మొఖం సూసినోడు గాదు. నువ్వు ఆ అట్ట మిషిని పిల్లవా?"

"నీకెట్ల తెలుసు?"

"మాపటికి అట్టముక్క మీద బొగ్గుతోని డబ్బాలు గీసుకొని వస్తుండె. నాకు సూపు లేదు గద, ఎట్ల తడుముకుంటనో సూసెటోడు. ఎదురింటి పరశురాములు ఎడమ చేత్తోని ఎట్ల ఒత్తుతడో సూసెటోడు. మూలింటి పుష్పాబాయి వేళ్ళు బిగుసుకపోయినయ్, ఆమె దగ్గర గంట కూసునెటోడు."

సింధు అరుగు మీద ఆమె పక్కన కూర్చుంది.

"మిమ్మల్నే తీసుకొస్తే నేనే సూస్తుంటి గద అవ్వా."

"ఎట్ల తీసుకొస్తడు బిడ్డా? మేం ఎక్కలేమనే గద, మా ముగ్గురి బదులు ఆ మెట్లు ఆయన ఎక్కింది."