ఫర్గస్ ఎత్తేసిన గుడారం

"గుడారం తీసెయ్యండి ఫర్గస్ గారూ. ఇక్కడ మకాం నిషేధం," అంది రేంజర్ షోనా ముక్కు మూసుకుని.

ఆ స్కాట్లండ్ సరస్సు ఒడ్డంతా బీరు డబ్బాలు, కాల్చేసిన చెట్ల కొమ్మలు, మనుషుల మలం.

"ఈ కంపు నాది కాదమ్మా."

"తెలుసు. తాగుబోతులది. వాళ్ళు పారిపోయారు, మీరు దొరికారు. నిషేధం పెట్టాక ఈ ఒడ్డు అద్దంలా ఉండేది. ఇవాళేమైందో మరి."

"ఇవాళ నా మోకాలు పట్టేసింది," అన్నాడు ముసలాయన. "లేకపోతే రోజూలాగే నువ్వొచ్చేలోపే ఒడ్డంతా ఊడ్చి, గుడారం ఎత్తేసేవాణ్ణి."

షోనా ముక్కు మీంచి చెయ్యి తీసింది. నిషేధమే ఒడ్డును బాగుచేసిందని ఊరంతా చాటింది తనే.

"పోనీ, ఉండండి."

"వద్దులే. వాళ్ళ పెంట ఎత్తినందుకు దొంగలా దాక్కోవడం రోత పుట్టింది."

గుడారం చుట్టేసి, చెత్త సంచీ, పట్టకారు ఆమె చేతికిచ్చి, ఫర్గస్ కుంటుతూ వెళ్ళిపోయాడు.

షోనా ఊపిరి బిగబట్టి వంగింది.