సలాలాకు చుట్టుదారి

"ఈ దారి వద్దు సార్," అంటూ శ్రీసుధ మ్యాప్‌ను బాలసుబ్రహ్మణ్యం వైపు తిప్పింది. దుబాయ్‌లో కారవాన్లు అద్దెకిచ్చే ఆ ఆఫీసులో దూరప్రయాణాలకు రూట్లు వేసేది ఆమే. "ఒమన్‌లో సలాలా దాకా ఎడారి రోడ్డు సూటిగా ఉంటుంది. సముద్రం పక్క నుంచైతే గాలి, కొండ ఎక్కుడు. అంత పెద్ద బండితో ఒక్కరే ఎందుకండీ అవస్థ?"

"అటైతే మజిలీలు ఎక్కువ కదమ్మా."

"మజిలీలు పెరిగితే ఆలస్యమేగా సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ప్రతి మజిలీలోనూ మీ ఆఫీసు నుంచి ఫోన్ చేస్తారు. పోయినసారి ఫుజైరా వెళ్లినప్పుడు నువ్వే చేశావు. బండి ఎలా ఉందని అడిగి, భోంచేశారా అన్నావు. నన్నా మాట అడిగేవాళ్లు లేరమ్మా."

భోజనం సంగతి అడగమని శ్రీసుధకు ఆఫీసు చెప్పలేదు. కరామాలో ఆరుగురు పంచుకునే గదిలో ఆమెనూ ఎవరూ అడగరు.

ఆమె ఎడారి రోడ్డునే ఖాయం చేసి, కాగితం అంచున తన సొంత నంబరు రాసింది.

"సూటిగానే వెళ్లండి సార్. సాయంత్రం బండి ఆపాక దీనికి ఫోన్ చెయ్యండి. మాట్లాడుకుంటూ తిందాం."