దగ్గు డెమో

“ఇంకోసారి దగ్గు బాపూ. గట్టిగ.”

మంచం మీద కూర్చున్న రాయమల్లు మూతి ముందున్న ఫోన్‌ను అసహ్యంగా చూశాడు. పొద్దుటి నుంచి ఇది పదిహేడోసారి.

“చిన్నదా, పెద్దదా?”

“పెద్దది.”

దగ్గాడు. డొక్కలు ఎగిరిపడేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా దగ్గాడు. గోదావరిఖనిలో వాళ్ళ క్వార్టర్ల లైనంతా ఎరిగిన దగ్గు అది. తొమ్మిదేళ్ల కింద ఆ దగ్గు చూసే గని కంపెనీ మెడికల్ బోర్డు ఆయన్ని పనికి అన్‌ఫిట్ చేసింది. అన్‌ఫిట్ అయినవాళ్ళ పని పిల్లలకిచ్చే పద్ధతి కాబట్టి, ఆయన బొగ్గుబాయి ఉద్యోగం కొడుకు ఉపేందర్‌కు వచ్చింది.

ఉపేందర్‌కు ఆ ఉద్యోగమంటే రోత. బీటెక్ చదివి బొగ్గు దుమ్ములో బతకడమేమిటని రోజూ సణుగుడే. అందుకే, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు అమ్మే ఆన్‌లైన్ బజారులో తనదీ ఒకటి పెట్టాలనుకున్నాడు. ఫోన్ ముందు దగ్గితే చాలు, ఊపిరితిత్తులు బాగున్నాయో చెడ్డాయో చెబుతుంది. మూడేళ్లు కష్టపడి చేశాడు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే.

దాన్ని అమ్మకానికి ముస్తాబు చేయడం ఉంది చూశారూ, అక్కడ మొదలైంది కంపు. పేజీ మీద తెల్లకోటు వేసుకున్న ఎవరో పరదేశి డాక్టరు బొమ్మ అతికించాడు. కింద ‘తొంభై తొమ్మిది శాతం కచ్చితం’ అని రాశాడు. ఎవరు లెక్కగట్టారో వాడికే తెలియాలి. ఇక మిగిలింది డెమో వీడియో. జబ్బు మనిషి దగ్గాలి, తెర మీద ఎర్రగా ‘జబ్బు’ అని రావాలి. ఇంట్లోనే మనిషి ఉండగా బయట వెతకడం ఎందుకనుకుని కన్నతండ్రిని కూర్చోబెట్టాడు. ఛీ!

బజారు వాళ్ళు ఇప్పటికే రెండుసార్లు, వీడియోలో జబ్బు మనిషే లేడని తిప్పి పంపారు. మూడోసారి కూడా తప్పితే ఇక ఆ గుమ్మం తొక్కనివ్వరు. గడువు ఇవాళే.

ఫోన్ టింగుమంది. తెర పచ్చబడింది. ‘ఆరోగ్యం’.

“దీనవ్వ, మళ్ల గదే!” ఉపేందర్ తల పట్టుకున్నాడు. “పక్కింట్ల ఉబ్బసమున్న నర్సింగం కాక దగ్గితే జబ్బంటది. ముత్యం మామ దగ్గితే జబ్బంటది. మా బాపు కాడికి వచ్చేసరికి దీనికేం రోగం?”

పొయ్యి దగ్గరి నుంచి తల్లి పోశవ్వ వచ్చింది. “థూ! బాపును ఆటబొమ్మను చేసినవ్ కదరా. అమ్ముకునేటందుకు నీకు గీ ముసలోని దగ్గే దొరికిందా? సిగ్గు లేదు?”

“ఇది అమ్ముడువోతే ఈ నౌకరి ఇడిసిపెడ్త అవ్వా. ఇంకొక్క పది నిమిషాలు.”

ఆ మాటకు రాయమల్లు మొహం మాడిపోయింది.

ఉపేందర్ ల్యాప్‌టాప్ తెరిచాడు. ఏవో అంకెలు తగ్గించాడు, ఏవో పెంచాడు. తండ్రి దగ్గుకు తెర ఎర్రబడే దాకా దాన్ని పీక్కుతిన్నాడు. పద్దెనిమిదో దగ్గుకు వచ్చింది, ఎర్రగా, ‘జబ్బు’ అని. ఎగిరి గంతేశాడు.

అప్పుడే పోపు ఘాటుకు పోశవ్వ దగ్గింది. ‘జబ్బు’. తుమ్మింది. దానికీ ‘జబ్బు’.

“నాకేం జబ్బురా, సచ్చినోడా!”

“వీడియోల నువ్వుండవు తియ్యవ్వా.”

వీడియో ఎక్కించాడు. అరగంటలో ‘ఆమోదించాం’ అని కబురొచ్చింది. ఇక ఈ సరుకును ఎవడు కొంటాడో, ఏ ఊళ్ళో ఎవరి ఊపిరి మీద ఏం తీర్పు చెబుతుందో! వాడికేం ఫికర్? ఈల వేసుకుంటూ సెకండ్ షిఫ్టుకు వెళ్ళిపోయాడు.

పోశవ్వ తలుపు దగ్గరికి వేసింది. “గిప్పుడన్నా వానికి చెప్పరాదు?”

“వాని నోట్లె నువ్వుగింజ నానుతదా? రేపటికి బాయి మొత్తం తెలుస్తది.” రాయమల్లు కండువాతో మొహం తుడుచుకున్నాడు. తన మీద తనకే రోత పుట్టినట్టు నేల మీద ఉమ్మబోయి ఆగాడు.

“వానికి నౌకరి రావాలెనని నేను దగ్గిన దొంగ దగ్గును బోర్డుల ముగ్గురు డాక్టర్లు పట్టలేకపోయిన్రు గాని, మనోడు చేసిన సాఫ్ట్‌వేరు మొదటి దినమే పట్టుకున్నదే!”