మూసేసిన లైను

పగలంతా కుట్టుమిషను మీద, రాత్రి బొమ్మరైలు పట్టాల మీద వంగి వంగి దర్జీకి నడుం పట్టేసింది. పట్టాలకు తుప్పురంగు వేస్తున్నాడు. చక్రాలు తిరిగే పట్టాలకు పక్కలే తుప్పు, పైభాగం మెరవాలి. రైళ్లు తిరగడం మానేసిన లైనుకైతే పైన కూడా తుప్పే. గోడ దాకా పోయి ఆగే మూసేసిన లైనుకు నిన్ననే పైన కూడా రంగు పూశాడు.

ఇప్పుడు చూస్తే దాని పైభాగం తళతళలాడుతోంది.

విసుక్కుంటూ మళ్లీ పూశాడు. చేతులు కడుక్కొచ్చేసరికి మళ్లీ మెరుపు, సరిగ్గా గోడ దాకా.

గోడవతల పడుకున్న భార్య గొణిగింది. "ఇక ఆ రైలు ఆపండి. నిన్నట్నుంచీ ఆ చప్పుడు ప్రాణం తీస్తోంది."

"రైలు ఇంకా కొననేలేదే!"



"మరి నా మంచం కింద ఆగిందేంటి?"