చెల్లని చారాణ

వరంగల్ మట్టెవాడలో పాత నాణేల కొట్టు నడిపే హరికృష్ణ భూతద్దం పక్కన పెట్టి, సారలమ్మ అనే ఆమె తెచ్చిన చారాణ బిల్లను, అంటే పాత పావలాను, తిరిగి ఆమె ముందుకే జరిపాడు.

ఖడ్గమృగం బొమ్మ ఉన్న బిల్లకు లక్షలు వస్తాయని ఫోనులో ఎవరో చెప్పారట. ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నారట.

బొమ్మ అరిగిపోయిందని, అరగకపోయినా ఇలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయని, ఫోనువాడు దొంగ అని హరికృష్ణ విడమరిచి చెప్పాడు.

నిజం చెప్పేస్తే తన పని తీరిందనుకునే మనిషి అతను.

ఆమె మొహం చిన్నబుచ్చుకుని మెట్లు దిగింది. కింద నిలబడి ఉన్న బక్కపలచని మనిషొకడు ఆమెను ఆపి, ఐదువందల నోటు చేతిలో పెట్టి, ఆ బిల్ల తీసుకున్నాడు.

వాడు ఇలా కొనడం హరికృష్ణ చూడడం ఇది మొదటిసారి కాదు.

తాను పనికిరాదన్న నాణెంలో వాడికేం కనబడుతోంది? ముద్రణలో అరుదైన పొరపాటేదైనా తన కన్ను దాటిపోతోందా? ఆ బజారులో అతనికున్న పరువంతా ఆ కంటి మీదే నిలిచి ఉంది.

మర్నాడు తానే మెట్లు దిగి నిలదీశాడు.

"ఏమయ్యా, బిల్లల గ్రేడు చూసుడు ఎక్కడ నేర్చినవు?"

"నాకేం తెల్వది సేటూ."

"తెల్వకుంటనే ఐదొందలు పెడ్తానవా?"

"జర నన్ను ఈడ నిలవడనియ్యి. నీ గిరాకీకి అడ్డం రాను."

తెలియదన్న ఆ మాటే హరికృష్ణకు అతితెలివిగా తోచింది. వాడు ఫోను ముఠా మనిషేనని చుట్టుపక్కల కొట్లవాళ్లకు చెప్పాడు. మిగతా పని వాళ్లు చేశారు. ఆ మనిషి కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే పూలమ్మ అనే పత్తిరైతు అటువంటి బిల్లే తెచ్చింది. హరికృష్ణ అవే మాటలు చెప్పాడు.

"తక్కువకు కొట్టేద్దామని గట్లంటానవు సేటూ," అంటూ ఆమె బిల్లను కొంగున ముడేసుకుంది.

మెట్ల కింద ఎవరూ లేరు.

ఆమె పుస్తెలు కుదువబెట్టి ఫీజు కట్టింది. తరువాత పన్ను అన్నారు. అప్పు తెచ్చి అదీ కట్టింది. అవతలి ఫోను మూగబోయాక, చేనుకని తెచ్చిన పురుగుల మందు తాగి చనిపోయింది.

కబురు విన్న హరికృష్ణకు మెట్ల కింది ముఠా మనిషిని పోలీసులకు పట్టివ్వాలన్న పట్టుదల కలిగింది. ఆరా తీస్తే అతను ధాన్యం మార్కెట్ హమాలీ యాకయ్య అని, ఇల్లు ఖిలా వరంగల్‌లో అని తేలింది.

యాకయ్య కాలికి కట్టుతో మంచంలో ఉన్నాడు. బిల్లలెక్కడున్నాయని గద్దిస్తే, అతని భార్య సోమక్క ఒక డబ్బా తెచ్చి చాప మీద కుమ్మరించింది.

హరికృష్ణ భూతద్దం తీసి ఒక్కొక్కటే పరీక్షించాడు. అరుదైనది ఒక్కటీ లేదు. అన్నీ తాను తిప్పి పంపినవే.

"మరి వీటిని ఎందుకు కొన్నడమ్మా?"

యాకయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మా బిడ్డ గూడ గా ఫోను మాట నమ్మి ఫీజు కట్టి, మందు తాగి పోయింది సేటూ," అంది సోమక్క. "చెప్తె ఎవ్వలు ఇనరు, చేతుల బిల్ల లేకుంటెనే కట్టకుంట ఉంటరని, బస్తాలు మోసిన కూలి పెట్టి కొనుక్కొచ్చెటోడు."