గోవిందా బాబాయ్

“నా పని గోవిందా,” అంటూ బాబాయ్ మళ్లీ ముక్కలు బోర్లా పడేశాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

అద్దం గోడకి ఇవతల కూర్చున్న డిజైనరుకు మాత్రం నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది.

ఎక్కడా లేని రాజ్యానికి జూదం కనిపెట్టడం ఆవిడ ఉద్యోగం. ఆడేవాళ్లు యోధుడిగానో మంత్రగాడిగానో వేషం కట్టి తిరిగే కంప్యూటర్ ఆట అది. అందులో కోటలున్నాయి, నిప్పులు కక్కే పాములున్నాయి, ఒక సత్రం ఉంది. యుద్ధాలు చేసి అలిసి వచ్చినవాళ్లు ఆ సత్రంలో కూర్చుని పందెం కాయడానికి ఓ పేకాట కావాలి.

ఇంతవరకు తయారుచేసినవన్నీ మేనేజరు తిప్పికొట్టాడు.

“ఇదే ఆఖరు. ఈసారీ కుదరకపోతే సత్రం తీసేస్తాం,” అన్నాడు. సత్రంతోపాటు తననీ తీసేస్తారని ఆవిడకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఓపిక ఎప్పుడో అయిపోయింది. కళ్లు మూసుకున్నా పాములూ రాజులే.

ఆట తేలికే. తలా మూడు ముక్కలు. పాము రాజుని మింగుతుంది. రాజు భటుణ్ణి కొడతాడు. ముగ్గురు భటులు ఒకే చేతిలో పడితే పాముని చంపేస్తారు. ధైర్యముంటే పందెం పెంచాలి, లేకపోతే ముక్కలు చూపించకుండా బోర్లా పడేసి తప్పుకోవాలి. పందేనికి ప్లాస్టిక్ నాణేలు.

ఆడి చూడటానికి బయటి నుంచి నలుగుర్ని పిలిపించారు. పని పోయిన ఓ డ్రైవరు. ఎప్పుడూ తల దించుకునుండే ఓ కాలేజీ పిల్ల. చదువు చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయిన ఓ టీచరమ్మ. నాలుగో మనిషి ఈ నెరిసిన జుట్టు బాబాయ్. ఊరూ పేరూ ఎవరూ అడగలేదు. ఓడినప్పుడల్లా గోవిందా అంటాడు కనక అదే పేరైపోయింది.

మేనేజరు వచ్చి తెర మీద లెక్కలు చూశాడు.

“ఈ నాలుగో ఆయన గెలవడమే లేదేంటి?”

“దరిద్రం పట్టుకున్నట్టుంది సార్ ఆయనకి.”

“ఆయన దరిద్రం మన లెక్కలకి అంటుకుంది. ఒకడే ఎప్పుడూ ఓడుతుంటే ఆటలో ఏదో మోసం ఉందంటారు. మార్చెయ్.”

“ఆట మార్చమంటారా, మనిషిని మార్చమంటారా సార్?”

“నీకేది తేలికైతే అది.”

ఆట మార్చాలంటే మళ్లీ మొదటికొస్తుంది. మనిషిని మార్చడానికి ఓ మాట చాలు.

టీ తాగే వేళ ఆయన్ని వరండాలోకి పిలిచింది.

“రేపట్నించి మీరు రానక్కర్లేదండీ బాబాయ్ గారూ.”

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు.

“ఏమ్మా, నా వల్ల ఏదైనా తప్పు జరిగిందా?”

“తప్పేం లేదండీ. మీరు మరీ ఓడిపోతున్నారు. మా లెక్కలు కుదరడం లేదు.”

“ఓడిపోతే పంపించేస్తారా?” ఆయన నిజంగానే తెల్లబోయాడు. “ఇది నాకు కొత్తమ్మా.”

“ఏమనుకోకండి.”

“అనుకోవడానికేముందిలే. నువ్వు బాగా నలిగిపోయావు. వేళకి ఇంత తిను.”

ఆవిడకి ఒళ్లు మండింది. ఓడిపోయేవాళ్లకి కూడా తను లోకువే అనుకుంది.

బాబాయ్ లోపలికెళ్లి ముగ్గురికీ పేరుపేరునా చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆ కుర్చీలో కొత్త మనిషి కూర్చున్నాడు. లెక్కలు చక్కబడ్డాయి. తలా కాస్త గెలిచారు, తలా కాస్త ఓడారు. బల్ల దగ్గర మాత్రం చావుకళ. డ్రైవరు ఆవలించాడు. కాలేజీ పిల్ల మళ్లీ తల దించేసింది.

“ఎప్పుడు వదులుతారండీ?” అని టీచరమ్మ అడిగేసింది.

మేనేజరు తనూ కూర్చుని కాసేపు ఆడి, ముక్కలు కింద పెట్టాడు.

“ఇది సత్రంలా లేదు, బస్టాండులా ఉంది. ఎప్పుడు లేచిపోదామా అని చూస్తున్నారందరూ. నిన్నటిదాకా నవ్వుకుంటూ ఆడారుగా, ఏమైంది?”

ఆవిడ తెర మీది లెక్కలు చూపించబోయింది.

“సరే, సోమవారం మాట్లాడుకుందాం,” అని వెళ్లిపోయాడు. ఆ మాటకి అర్థమేమిటో ఆఫీసులో అందరికీ తెలుసు.

ప్రతి కుర్చీ వెనకా ఓ కెమెరా ఉంది. ఇన్నాళ్లూ గెలుపోటముల లెక్క తప్ప ఆవిడ వాటిని చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు బాబాయ్ కుర్చీ వెనక కెమెరాలో పట్టిందీ, ఎదుటివాళ్ల కుర్చీల వెనక పట్టిందీ పక్కపక్కన పెట్టి చూసింది.

ఆయన చేతిలో ముగ్గురు భటులు. ఎదురుగా డ్రైవరు, చేతిలో పాము, ముందు మిగిలినవి నాలుగు నాణేలు. బాబాయ్ పందెం పెంచాడు. డ్రైవరు ఆ నాలుగు నాణేలూ ముందుకి తోశాడు. ఆయన డ్రైవరు మొహంలోకి ఓసారి చూసి, గోవిందా అని ముక్కలు బోర్లా పడేశాడు. డ్రైవరు నాణేలన్నీ దగ్గరకు లాక్కుని నిటారుగా కూర్చున్నాడు.

మరో ఆట. గెలిచే ముక్కలే. ఎదురుగా కాలేజీ పిల్ల. గోవిందా. ఆ పిల్ల తలెత్తి గట్టిగా నవ్వింది.

ఎన్ని చూసినా అంతే. ఓడిపోవలసిన ఆట ఒక్కటీ లేదు. ఆవిడకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

వెంటనే ఆఫీసులో రాసుకున్న ఆయన నంబరుకి ఫోన్ చేసింది. ఆయన కూతురు ఎత్తింది.

“నాన్న ఇక రారండీ. ఇంట్లో ఉన్న పేక కూడా చించి పారేశారు.”

“తప్పు నాదేనండీ. ఆయన కావాలనే ఓడిపోయారు, నేను చూసుకోలేదు. అసలెందుకలా చేశారు?”



“ప్లాస్టిక్ నాణేలని తెలిశాక ఎంత సంబరపడ్డారో. ఎవరి కొంపా మునగదు, హాయిగా కూర్చుని ఆడుకోవచ్చన్నారు. కలిసి ఆడేవాళ్లు దొరికి ఎన్నేళ్లయిందో ఆయనకి.”

“అదేంటండీ, ఆయనతో ఎవరూ ఆడరా?”

“ఈ ఊళ్లో ఏ క్లబ్బూ నాన్నని గడప తొక్కనివ్వదండీ,” అంది కూతురు నీరసంగా, “జన్మలో ఒక్క ఆటైనా ఓడిపోలేదని.”